బావ పంపిన రాగి మూతలు

గూస్ క్రీక్, మోంటానా
మే 14, 1983

బావా,

అక్క పంపిన ఊరగాయ దోసకాయల సీసా పగలకుండా చేరింది. చెప్పు, ఆనందిస్తుంది.

ఇక మన సంగతి. గుండ్ల అడుగున తొడిగే రాగి మూతలు నా దగ్గర అయిపోయాయి. కింద కొట్లో అడిగితే రడ్‌నిక్ చేతులు తిప్పాడు. "వచ్చేటప్పుడు వస్తాయి. కంపెనీవాళ్ళు నాకేమైనా చుట్టాలా?" అన్నాడు. పోయిన శరదృతువు నుంచీ ఇదే పాట. అందుకని నేనే చేసుకుంటున్నాను. ఇంటి కప్పు అంచుకు వేసే అల్యూమినియం రేకు మిగిలి ఉంది కదా, దాన్ని బిళ్ళలుగా కొట్టి, అచ్చులో నొక్కి, చిన్న గిన్నెలా వంచుతున్నాను. అచ్చు నేనే లేతు మర మీద తీశాను. మొదట చేసిన మూతలన్నీ చిరిగిపోయాయి. ఇప్పుడు నిలబడుతున్నాయి.

మొన్న మా పాస్టరు షెడ్డులోకి వచ్చి, ఇవేమిటని అడిగాడు. సీసపు గుండు అడుగున ఇది లేకపోతే తుపాకీమందు మంటకు సీసం కరుగుతుందనీ, తుపాకీ గొట్టం లోపలంతా అంటుకుంటుందనీ చెప్పాను. "అంటే గుండుకు బూటు తొడుగుతున్నావన్నమాట" అన్నాడు. నీకన్నా తొందరగా అర్థం చేసుకున్నాడు.

నువ్వేమంటావో నాకు తెలుసు. అయినా రాయి.

నీ బావమరిది
ఒర్రిన్


లిటిట్జ్, పెన్సిల్వేనియా
జూన్ 2, 1983

ఒర్రిన్,

ఏమంటానో తెలిసినప్పుడు అడగడం దేనికి? నీ ఇంటి కప్పు ఎలా కారుతుందో నేను చూశాను. ఆ కప్పు రేకు గుండు కింద మాత్రం పనిచేస్తుందా? కొట్లో అమ్మే మూతను రాగితో చేస్తారు. అన్నీ ఒకే మందం. అంచు గుండును పట్టుకుంటుంది. నువ్వు షెడ్డులో సుత్తి పెట్టి కొట్టింది ఒక్కొక్కటి ఒక్కోలా ఉంటుంది. ఒకటి పట్టుకుంటుంది, ఇంకొకటి దారిలో ఊడుతుంది. మా తుపాకీ క్లబ్బులో ఇలాంటి చేతి మూతలు తెచ్చినవాణ్ణి వాళ్ళు నవ్వి పంపించేశారు.

అసలు విషయం వేరే. మా అమ్మాయి సిగ్నేకు మీ లోయలో అటవీ శాఖ ఉద్యోగం వచ్చింది. ఎండాకాలమంతా మంటలు చూసే పని. ఆ తర్వాత కూడా చలికాలం దాకా ఉండి, నీతో ఎల్క్ దుప్పి వేటకు వస్తానంటోంది. మీ అక్క థోరా రెండు రోజులు మొహం ముడుచుకుంది. తర్వాత "మా తమ్ముడి దగ్గరేగా" అని తనే సర్దిచెప్పుకుంది. మేడ మీద గది ఖాళీగా ఉందా?

పిల్ల నాలాగే మొండిది. చూసుకో.

వెర్లిన్


గూస్ క్రీక్
జూలై 20

బావా,

నీ కూతురు నీలా ఉండడమేంటి, పాపం! అచ్చం మా అక్క. వచ్చిన రోజే నా వంటగదిలో పాత గిన్నెలన్నీ బయట పడేసింది. "మామయ్యా, ఇందులో సీసం కరిగించావా, సూప్ కాచావా?" అని అడిగింది. రెండూ అని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఆదివారాలు ఇద్దరం గట్టు వెనక కాలుస్తున్నాం. మా నాన్న రైఫిలే దానికిచ్చాను. ఒక్కో తూటా చేత్తో పెట్టి, నింపాదిగా కాలుస్తుంది. నా రేకు మూతలతో వంద గజాల దూరంలో గుండ్లన్నీ టీకప్పు సాసరులో పట్టేలా కొట్టింది. నీ రాగి మూతలు ఇంతకన్నా ఏం చేస్తాయి?

ఇంకో పరీక్ష కూడా చేశాను. గుండును బిగించి, మూత అంచును పటకారుతో లాగాను. సీసం చిరిగింది గానీ మూత ఊడలేదు. రేకు మందంగా ఉంది కదా, అచ్చులో నొక్కినప్పుడు అది సీసంలోకి దిగి కరుస్తుంది. ఈ ముక్క మీ క్లబ్బులో చదివి వినిపించు.

సిగ్నే తన ఉత్తరం వేరే రాస్తానంది. మూడు వారాలుగా అదే మాట.

ఒర్రిన్


లిటిట్జ్
ఆగస్టు 18

ఒర్రిన్,

నీ పటకారు పరీక్ష క్లబ్బులో చదవలేదు. చదివే పరిస్థితి లేదు.

పోయిన శనివారం డ్వేన్ ఎషెల్‌మన్ రైఫిల్ గొట్టం ఉబ్బింది. నీకు గుర్తుండే ఉంటాడు, పళ్ళ తోట ఆయన. వరసగా రెండు కాల్చాడు. రెండోదానికి మోత తేడాగా వచ్చింది. గొట్టం మధ్యలో ఉంగరంలా ఒక ఉబ్బు తేలింది. అంతకుముందు తూటా తాలూకు మూత ఊడి, గొట్టం లోపలే ఉండిపోయింది. రెండో గుండు వచ్చి దాన్ని గుద్దింది. మనిషికి ఏమీ కాలేదు, అది అదృష్టం. భార్య ఆ రైఫిల్‌ను సెల్లారులో పెట్టి తాళం వేసి, తాళంచెవి తన దగ్గరే ఉంచుకుంది.

ఇదీ మూత ఊడితే జరిగేది. నీ చేతిపని మీద నీకు నమ్మకం ఉంటే ఉండనీ. కానీ ఆ రైఫిల్ ఇప్పుడు నా కూతురి చేతిలో ఉంది. ఇక నవ్వులాట కాదు.

వెర్లిన్


గూస్ క్రీక్
సెప్టెంబరు 6

బావా,

ఎషెల్‌మన్ బతికి బయటపడ్డందుకు సంతోషం. ఒక్క మాట అడుగుతాను. ఆయన వేసింది ఎవరి మూతలు? చేతివా, కొట్టువా? అది రాయలేదు నువ్వు.

ఇంకొకటి. మందు ఉండే ఇత్తడి డొల్లలోకి గుండును ఎంత లోతుకు దించాడు?

ఇక్కడ పొగ. పై లోయలో మూడుచోట్ల తగలబడుతోంది. సిగ్నే నాలుగు రోజులుగా కొండ మీదే ఉంది. వస్తూనే పడుకుంటుంది, లేస్తూనే వెళ్తుంది. నా గుర్రం కూడా ఇంత పని చెయ్యదు.

ఒర్రిన్


లిటిట్జ్
అక్టోబరు 9

ఒర్రిన్,

ఆలస్యమైంది. థోరాకు నడుము పట్టేసింది, ఇప్పుడు లేచి తిరుగుతోంది.

దీనితో ఒక పార్సిలు పంపుతున్నాను. అందులో రాగి మూతల డబ్బా ఉంది, కొట్టువి. ఇక్కడా దొరకడం లేదు, నా అలమారులోంచి తీసి పంపుతున్నాను. వేటకు సిగ్నే కాల్చే తూటాలన్నిటికీ ఇవే వెయ్యి. నీవి నువ్వు కాల్చుకో, నీ ఇష్టం. నా కూతురి గుండు కింద నీ ఇంటి కప్పు పెట్టొద్దు. అంతే నేను అడిగేది. దీని మీద వాదన వద్దు. వాళ్ళమ్మ కూడా ఇదే అంటోంది.

థోరా అల్లిన ఊలు చేతితొడుగులు కూడా అందులోనే ఉన్నాయి. పెద్దవి నీకు.

వెర్లిన్


గూస్ క్రీక్
అక్టోబరు 31

బావా,

పార్సిలు అందింది. తొడుగులు సరిపోయాయి. అక్కతో చెప్పు.

సరే, నువ్వే గెలిచావు. సిగ్నే తూటాలన్నిటికీ నీ రాగి మూతలే వేశాను. నిన్న సాయంత్రం కూర్చుని అన్నీ పూర్తి చేశాను. నా రేకు ఒక్కటీ లేదు. ఇక నిద్రపో.

నిజం చెప్పాలంటే నీవి కొంచెం వదులుగా ఎక్కాయి. నావి ఎక్కాలంటే నొక్కే మర కావాలి, నీవి వేలితో నొక్కగానే కూర్చున్నాయి. డబ్బా మీద కాగితం చెరిగిపోయింది, ఏమీ చదవలేకపోయాను. కొట్టువి కదా, అలాగే ఉంటాయేమో అనుకున్నాను. రాగి కదా, మెత్తన.

ఒక మార్పు చేశాను. ఇన్నాళ్ళూ సిగ్నే ఒక్కో తూటా చేత్తో పెట్టి కాల్చేది. అందుకే గుండును పొడుగ్గా బయటికి ఉంచేవాణ్ణి. వేటలో అలా కుదరదు. దుప్పి నిలబడి ఉండగా జేబులు వెతుక్కుంటూ కూర్చోలేం కదా. రైఫిల్ కింది తూటాల అర, మ్యాగజైన్, నింపుకోవాలి. అంత పొడుగు తూటా మా నాన్న రైఫిల్ మ్యాగజైన్‌లో పట్టదు. అందుకని గుండును కొంచెం లోపలికి దించాను. ఇత్తడి డొల్ల సన్నటి మెడ దాటి కాస్త కిందికే, వెడల్పులోకి వెళ్ళింది. గుండు అదే, మందు అదే. అన్నీ చక్కగా ఎక్కి దిగుతున్నాయి. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గలగలమంటోంది. తక్కువ మందు వేస్తాను కదా, ఆ పలుకులే అనుకుంటా.

సిగ్నే మళ్ళీ కాల్చి చూద్దామంది. మంచు పడుతోంది, ఉన్న తూటాలు దుప్పికి ఉంచుకుందాం అన్నాను. పేపరు మీద ఈ గుండు ఎంత బాగా పడిందో ఎండాకాలమంతా చూశాం కదా!

శుక్రవారం పైకి వెళ్తున్నాం. డేరా, స్టవ్వు, వారానికి సరిపడా బంగాళాదుంపలు సర్దాను. వచ్చాక రాస్తాను. ఈసారి నా ఉత్తరంలో కొమ్ముల కొలత ఉంటుంది, చూసుకో.

ఒర్రిన్


లిటిట్జ్
నవంబరు 5, శనివారం

ఒర్రిన్,

ఇది నీ చేతికి అందిన వెంటనే చదువు. సిగ్నే రైఫిల్‌లోని తూటాలు తీసెయ్యండి. ఒక్కటి కూడా కాల్చొద్దు. ఇప్పటికే ఒకటి కాల్చి ఉంటే, రెండోది అసలే కాల్చొద్దు. ముందు గొట్టంలోకి కడ్డీ దూర్చి చూడండి.

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. మీ ఇంట్లో ఫోను లేదు కాబట్టి కింద కొట్టుకు చేశాను. రడ్‌నిక్ ఎత్తాడు. "నిన్ననే పైకి పోయారండీ, ఇప్పుడు రోడ్డు మీద మోకాలి లోతు మంచుంది" అన్నాడు. ఎవరైనా పైకి వెళ్తే చెప్పమన్నాను. షెరిఫ్ ఆఫీసుకు చేశాను. ఏ లోయలో డేరా వేశారని అడిగారు. నాకు తెలియదు. నువ్వు ఎప్పుడూ చెప్పవు, మంచి చోటు అందరికీ తెలిసిపోతుందని. సిగ్నేకు కూడా చెప్పకుండా తీసుకెళ్ళి ఉంటావు. రడ్‌నిక్ కొట్టు అడ్రసుకు ఈ ఉత్తరం ఎక్స్‌ప్రెస్‌లో పంపుతున్నాను.

ఎందుకో చెబుతాను.

నేను పంపినవి పాత రకం మూతలు. అంచు కరిచే రకం కాదు. ఉత్తినే తొడిగేవి, గుండుతోపాటు గొట్టం దాటగానే ఊడిపోయేలా చేసినవి. అలమారు అడుగున ఎన్నేళ్ళుగానో పడి ఉన్నాయి. కొత్తవి దొరకలేదు. ఉన్నవి పాత రకమని నీకు రాస్తే, నువ్వు నీ రేకు మూతలే వేస్తావు, నేను ఓడిపోతాను. గుండు మెడ లోపలే ఉన్నంతసేపూ ఇత్తడి గోడే ఆ మూతను పట్టుకుంటుంది. నువ్వు ఎప్పుడూ గుండును పొడుగ్గానే ఉంచుతావు కదా, ఏమీ కాదనుకున్నాను. మెడ దాటి దించితే దాన్ని పట్టుకునేది ఏదీ లేదు. జీపు కుదుపుకే ఊడి మందులో పడుతుంది. నువ్వు విన్న గలగల మందు పలుకులది కాకపోవచ్చు.

ఎషెల్‌మన్ వేసింది ఎవరి మూతలని అడిగావు. కొట్టువి. ఇదే రకం. ఆయనకు కూడా నేనే ఇచ్చాను. ఆయన కూడా మ్యాగజైన్ కోసమే గుండును దించాడు. అది నాకు ఆగస్టులోనే తెలుసు.

థోరాకు ఏమీ చెప్పలేదు. వంటగదిలో ఆపిల్ పై చేస్తోంది, నేను ఎవరికి ఫోను చేస్తున్నానో అడిగింది. క్లబ్బు పని అన్నాను.

కాల్చొద్దు ఒర్రిన్. మళ్ళీ రాస్తున్నాను. కాల్చొద్దు.

వెర్లిన్


మిసూలా, ఆసుపత్రి
నవంబరు 12

నాన్నా,

నాకు ఏమీ కాలేదు. ముందు అది చెబుతున్నాను. నువ్వు చదివేటప్పుడు వెతికేది అదే కాబట్టి.

మామయ్య ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు. కుడి కన్ను పోయింది. ఎడమ కన్నుకు కట్టు గురువారం విప్పుతారు. అప్పటిదాకా ఏమీ చెప్పలేమన్నారు.

ఆదివారం ఉదయం మగదుప్పి ఒకటి చెట్ల అంచుకు వచ్చింది. నేను సంచి మీద రైఫిల్ ఆనించి పడుకున్నాను. తొందరపడలేదు. ట్రిగ్గరు మెల్లగానే నొక్కాను. ఎడమవైపు ఎక్కడో కొమ్మ విరిగింది. దుప్పి వెళ్ళిపోయింది.

మామయ్య పడీపడీ నవ్వాడు. "అచ్చం మీ నాన్న కాల్పే! కూతురంటే ఇలా ఉండాలి. కొమ్మను కొట్టావు, ఇంటికి మోసుకెళ్దాం పద!" అన్నాడు.

"నేను సరిగ్గానే పట్టాను మామయ్యా. నిజంగా."

"పట్టావులే. నేనూ చూశాను. గురి చూసే స్కోపు జీపులో కదిలుంటుంది. ఇలా ఇవ్వు, ఆ మొద్దు మీద ఒకటి కాల్చి చూస్తాను. నువ్వు వెనక్కి పో, నీ మొహం చూస్తే నాకు నవ్వొస్తుంది."

ఆయన నన్ను వెనక్కి పంపింది అందుకే, నాన్నా. నవ్వొస్తుందని.

నేను సంచి కట్టుకుంటుంటే మోత వినిపించింది. మామూలు మోత కాదు. తిరిగి చూసేసరికి మామయ్య మంచులో కూర్చుని ఉన్నాడు. రైఫిల్ గొట్టం చెక్క దాటిన చోట చీలి ఉంది. మొహం నిండా రక్తం. "సిగ్నే, నీకేం తగల్లేదుగా? ఎక్కడున్నావ్? మాట్లాడు" అన్నాడు. నేను ఎదురుగానే ఉన్నాను.

జీపు దాకా నడిపించాను. దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు. స్టవ్వు ఆర్పానా, డేరా తాళ్ళు విప్పానా అని అడిగాడు. ఏమీ చెయ్యలేదని చెబితే తిట్టాడు. కొట్టు దగ్గర ఆపితే రడ్‌నిక్ పరుగెత్తుకొచ్చాడు. "అమ్మాయ్, మీ నాన్న ఫోను చేశాడు, ఆ తూటాలు..." అన్నాడు. అప్పుడు పక్క సీట్లోకి చూశాడు. తనే బండెక్కి మమ్మల్ని మిసూలా తీసుకొచ్చాడు.

నీ ఎక్స్‌ప్రెస్ ఉత్తరం బుధవారం వచ్చింది. రడ్‌నిక్ ఇక్కడికి తెచ్చిచ్చాడు. మామయ్య పేరు మీద ఉంది. కళ్ళకు కట్టు కాబట్టి చదవమన్నాడు. అందులో ఏముందో అప్పటికి నాకు తెలియదు. మొదటినుంచీ గట్టిగానే చదివాను. మధ్యలో ఆపాలనిపించింది. "ఆపొద్దు, అంతా చదువు" అన్నాడు.

అయ్యాక అన్నాడు: "ఎషెల్‌మన్ ముక్క ఇంకోసారి."

చదివాను.

పక్క మంచం ఆయన రేడియోలో ఫుట్‌బాల్ పెట్టుకున్నాడు, మామయ్య అది వింటున్నాడేమో అనుకున్నాను. తర్వాత అన్నాడు, "నావైతే పట్టుకునేవి." కోపంగా కాదు, నాన్నా. ఏదో కొలత చెప్పినట్టు అన్నాడు. ఆ తర్వాత నీ పేరు ఎత్తలేదు. నేను ఎత్తితే మొహం గోడవైపు తిప్పుకుంటున్నాడు.

నిన్న ఊరికి వెళ్ళి, మిగిలిన తూటాలను షెడ్డులో ఒక్కొక్కటే విప్పాను. ఎలా విప్పాలో ఆయనే పడుకుని చెప్పి పంపాడు. సగానికి పైగా తూటాల్లో మూతలు మందులో పడి ఉన్నాయి. బల్ల మీద పక్కనే మామయ్య చేసిన రేకు మూతలు కాఫీ డబ్బా నిండా ఉన్నాయి. ఒకదాన్ని మరతో గుండుకు నొక్కి, పటకారుతో లాగి చూశాను. రాలేదు.

మామయ్యను ఇంటికి పంపేదాకా ఇక్కడే ఉంటాను. అటవీ శాఖవాళ్ళు చలికాలానికి కూడా పని ఇస్తామన్నారు, ఒప్పుకున్నాను.

మామయ్యకు తుపాకీ ప్రమాదం జరిగిందని మాత్రమే అమ్మకు టెలిగ్రాం ఇచ్చాను. తను బయల్దేరి వస్తానంటే నువ్వు ఆపొద్దు. మిగతాదంతా అమ్మ పేరు మీద వేరే కవరులో రాసి ఉంచాను, నీ ఉత్తరం నకలుతో సహా. అది సోమవారం పోస్టులో వేస్తాను. గురువారానికి చేరుతుంది. ఆ రోజే ఇక్కడ కట్టు విప్పుతారు. అమ్మ కవరు తెరిచేసరికి అందులో నువ్వు తనకు ముందే చెప్పనిది ఏమీ ఉండకూడదు.

సిగ్నే